ముందు అడుగు, తర్వాత ఊదు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "ఐఐసీటీకి పోనీ" అంటే కొందరు పాత డ్రైవర్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తారు. "ఆర్‌ఆర్‌ఎల్" అంటే మారుమాట లేకుండా బండి కదులుతుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ అని పేరు మారింది 1989లో. నేను చేరింది 1978లో. ముప్పై ఏడేళ్లు పనిచేసి 2015లో రిటైరయ్యాను. కొత్త పేరుతోనే పాతికేళ్లు జీతం తీసుకున్నా, నా నోటికి మాత్రం ఆర్‌ఆర్‌ఎల్ అనే వస్తుంది. రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ.

ఎక్కడ పనిచేసేవారని అడిగినవాళ్లకు ఆ మాట చెప్పగానే "అయితే సైంటిస్టా?" అంటారు. కాదు, గ్లాస్ బ్లోయర్‌ని అంటే చాలామందికి అర్థం కాదు. గాజు పని అంటే చేతి గాజులు అనుకుంటారు. మా వియ్యపురాలు తన చేతికున్న మట్టిగాజులు చూపించి "ఇలాంటివేనా అన్నయ్య గారూ?" అని అడిగింది. ఆమెకు కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. కెమిస్టులు ప్రయోగాలు చేసే ఫ్లాస్కులు, కండెన్సర్లు, కాలమ్‌లు ఉంటాయి కదా, బజార్లో దొరకనివి, ఒక్క ప్రయోగానికి మాత్రమే పనికొచ్చేవి, వాటిని మంట మీద గాజు గొట్టం కరిగించి, నోటితో ఊది చేసేవాళ్లం అని.

ఆ ల్యాబ్ నిజాం ప్రభుత్వం 1944లో మొదలుపెట్టినది. అప్పటి పేరు సెంట్రల్ లేబొరేటరీస్ ఫర్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్. 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కిందికి వచ్చి ఆర్‌ఆర్‌ఎల్ అయింది. బొగ్గు, నూనెలు, మందులు, పురుగుమందులు ఇలా ఎన్నో రకాల పరిశోధన ఒకే ప్రహరీ లోపల జరిగేది. రోడ్డుకి అవతల భూమి పొరల్ని పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ. పొద్దున తొమ్మిదింటికి ఉప్పల్ రోడ్డు మీద బస్సులు ఆగితే దిగే జనంలో సగం రాళ్ల మనుషులు, సగం రసాయనాల మనుషులు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. బాపు అవుసుల పని చేసేవాడు. మా ఇంట్లో ఊదుగొట్టం ఒకటి ఉండేది, ఇత్తడిది, కొస వంకీ తిరిగి ఉండేది. బాపు ఒక చేత్తో పట్టుకారు, నోట్లో ఊదుగొట్టం పెట్టుకుని దీపం మంటను ముక్కుపుడక అతుకు మీదికి సన్నగా వంచేవాడు. మంట వంగితే మళ్లీ నిటారుగా లేచేది కాదు. ఊపిరి తీసుకున్నా గాలి ఆగేది కాదు. బుగ్గల్లో గాలి నింపుకుని, ఆ గాలిని బయటికి తోస్తూనే ముక్కుతో లోపలికి పీల్చుకోవాలి. ఏడెనిమిదేళ్లకే నాకది పట్టుబడింది. బడికెళ్లే పిల్లాడికి ఇదెందుకని అమ్మ కోప్పడేది.

ఐటీఐలో ఫిట్టర్ చేశాను. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్‌లో పేరు రాయించుకుని కార్డు రెన్యువల్ చేయించుకుంటూ రెండేళ్లు తిరిగాను. 1978లో ఆర్‌ఆర్‌ఎల్‌లో హెల్పర్ పోస్టులకు ఎక్స్చేంజ్ నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ గదిలో నలుగురున్నారు. ముగ్గురు ప్యాంటు షర్టుల్లో, ఒకాయన తెల్ల లాల్చీ మీద నీలం కోటుతో. మీ నాన్న ఏం చేస్తాడంటే చెప్పాను. అప్పటిదాకా మౌనంగా ఉన్న ఆ కోటాయన లేచి బయటికెళ్లి, ఒక గ్లాసు నీళ్లు, మూరెడు రబ్బరు ట్యూబు తెచ్చి బల్ల మీద పెట్టారు. "ట్యూబు నీళ్లలో పెట్టు. ఊదు. బుడగలు ఆగొద్దు" అన్నారు. ఊదాను. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయ్యాయి. బుడగలు ఆగలేదు. ఆయన వాచీ చూసుకోలేదు, నా బుగ్గలే చూస్తున్నారు. తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరిగి ఉర్దూలో ఏదో అన్నారు. నాకర్థమైంది ఒక్క మాటే, "హమారా".

ఆయనే మా ఉస్తాద్.

పాతబస్తీ మనిషి. పద్దెనిమిదేళ్ల వయసులో, ల్యాబ్ ఇంకా నిజాం నాటి పేరుతో ఉన్నప్పుడే చేరారు. డాక్టర్ సయ్యద్ హుస్సేన్ జహీర్ డైరెక్టరుగా ఉన్న కాలం అది. 1948 నుంచి 62 దాకా జహీర్ గారిదే హయాం, తర్వాత ఆయన సీఎస్ఐఆర్‌కే డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఉస్తాద్ ఆయన్ని "జహీర్ సాబ్" అనేవారు, అలా అన్నప్పుడల్లా చేతిలో పని ఒక క్షణం ఆపేవారు.

మొదటి రోజు నన్ను బర్నర్ ముందు నిలబెట్టారు. గ్యాస్, ఆక్సిజన్ కలిసి సన్నగా నీలంగా బుసకొట్టే మంట. అందులో ఒక గొట్టం పెట్టి తిప్పుతున్నారు. వేడెక్కేకొద్దీ గాజు చుట్టూ పసుపు వెలుగు కమ్ముకుని కళ్లు జిగేలుమన్నాయి. గాజు ఎక్కడుందో, మంట ఎక్కడుందో తెలియలేదు. "ఏం కనిపిస్తోంది?" అన్నారు. "పసుపు మంట" అన్నాను. తన కళ్లద్దాలు తీసి నాకు పెట్టారు. లేత ఊదారంగు అద్దాలు. పసుపు మొత్తం పోయింది, ఎవరో తుడిచేసినట్టు. "ఇప్పుడేం కనిపిస్తోంది?" గాజు కనిపించింది. మెత్తబడి, తేనెలా కొంచెం కిందికి జారబోతున్న గొట్టం అంచు స్పష్టంగా కనిపించింది. "అంచు" అన్నాను. తలూపి అద్దాలు తీసేసుకున్నారు.

వాటిని డైడీమియం గ్లాసులంటారు. గాజులో ఉండే సోడియం వేడికి పసుపు వెలుగు ఇస్తుంది. నియోడిమియం, ప్రసియోడిమియం కలిపిన ఈ అద్దం సరిగ్గా ఆ పసుపునే మింగేస్తుంది, మిగతా రంగుల్ని చాలావరకు వదిలేస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత ఒక సైంటిస్ట్ గారు చెబితే తెలిసింది.

ఆరు నెలలు నాకు ఊదే పని ఇవ్వలేదు. రెండు చేతులతో గొట్టం తిప్పడమే పని. ఎడమచెయ్యి ఎంత తిరిగితే కుడిచెయ్యీ అంతే తిరగాలి. మధ్యలో గాజు మెత్తబడ్డాక రెండు చేతుల్నీ కలిపే గట్టిదనం ఏదీ ఉండదు, ఒక చెయ్యి రవ్వంత ముందుకెళ్లినా గొట్టం మెలిపడిపోతుంది. మంట లేకుండా, మధ్యలో గుడ్డముక్కతో కలిపిన రెండు గొట్టాలు పట్టుకుని ప్రాక్టీసు. గుడ్డ ముడత పడకూడదు. రాత్రి నిద్రలో కూడా నా వేళ్లు తిరిగేవని మా అన్న చెప్పేవాడు.

తర్వాత గాజుల్ని గుర్తుపట్టడం. మామూలు సోడా గాజు వేరు, మేం వాడే బోరోసిలికేట్ వేరు. సోడా గాజు త్వరగా కరుగుతుంది, వేడికి బాగా వ్యాకోచిస్తుంది. బోరోసిలికేట్ వ్యాకోచం అందులో దాదాపు మూడో వంతే. మెత్తబడాలంటే 800 డిగ్రీలు దాటాలి. రెండూ కలిపి అతికిస్తే వేడి మీద చక్కగా అతుకుతాయి, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకొకటి ముడుచుకోదు, టప్‌మని పగులుతుంది. ఒక్కోసారి వెంటనే పగలదు. రాత్రంతా బల్ల మీద బాగానే ఉండి, తెల్లారి తాళం తీసేసరికి రెండు ముక్కలై ఉంటుంది.

అందుకే చేసిన ప్రతి వస్తువునూ కొలిమిలో 560 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి మెల్లగా చల్లార్చాలి. అనీలింగ్ అంటారు. తర్వాత పోలరిస్కోప్‌లో పెట్టి చూడాలి. మామూలు కంటికి నిర్మలంగా ఉన్న గాజు అందులో పెడితే, ఒత్తిడి మిగిలిన చోట వెలుగు చారలు కనిపిస్తాయి. ఉస్తాద్ వాటిని "గాజు మనసులో బాధ" అనేవారు. బాధ పోయేదాకా మళ్లీ కొలిమిలో పెట్టించేవారు.

మా సెక్షన్‌లో ఫ్యాన్ వేయకూడదు. మంట ఊగుతుంది. ఏసీ సంగతి సరేసరి. 1985, 86ల్లో రంజాన్ మే నెలలో వచ్చింది. బయట నలభై రెండు, లోపల బర్నర్లు, కొలిమి. ఉస్తాద్ రోజా ఉండి, గుటకెడు నీళ్లు ముట్టకుండా, సాయంత్రం దాకా ఊదేవారు. ఆయన ముందు మేం నీళ్లు తాగడానికి సిగ్గుపడి వరండాలోకి వెళ్లేవాళ్లం. అది గమనించి, ఒకరోజు స్వయంగా కూజా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "నా రోజా నాది, నీ దాహం నీది. తాగు బేటా. ఎండిపోయిన నోటితో ఊదితే గాజు వంకరవుతుంది." మరి ఆయన గాజు ఎందుకు వంకర కాలేదో నేను అడగలేదు.

ఇక అసలు సంగతి. సైంటిస్టులు, రీసెర్చ్ స్కాలర్లు మా గుమ్మం దగ్గరికి ఒక కాగితం పట్టుకుని వచ్చేవారు. ఫిల్టర్ పేపరు మీద, కవరు వెనక, బస్ టికెట్ మీద కూడా బొమ్మ గీసి తెచ్చేవారు. ఇక్కడ రెండు గాజు భాగాల్ని బిగించే బి-24 జాయింటు, ఇక్కడ స్టాప్ కాక్ అనే గాజు కుళాయి, ఇక్కడ పక్క గొట్టం. ఎవరు తెచ్చినా, ఎంత పెద్దవారు తెచ్చినా ఉస్తాద్ ముందు ఆ బొమ్మ చూసేవారు కాదు. కాగితం బోర్లా పెట్టి "ఇందులో ఏం పోస్తారు?" అని అడిగేవారు. ఎంత వేడి చేస్తారు? వాక్యూమ్ పెడతారా, అంటే లోపలి గాలి లాగేస్తారా? ఎన్ని గంటలు? తెచ్చినాయన చెప్పుకుంటూ పోతుంటే ఈయన మధ్యలో సుద్దముక్కతో బల్ల మీద వేరే బొమ్మ గీసేవారు. చాలాసార్లు ఆయన గీసిందే తయారయ్యేది. ఆయన చదివింది ఏడో తరగతి. మాకు చెప్పిన సూత్రం ఒక్కటే: "పహలే పూఛ్, ఫిర్ ఫూంక్." ముందు అడుగు, తర్వాత ఊదు.

అడగకపోతే ఏమవుతుందో 1983 వేసవిలో నాకు తెలిసింది. శుక్రవారం, ఉస్తాద్ జుమ్మా నమాజుకు వెళ్లారు. ఒక రీసెర్చ్ కుర్రాడు రెండు లీటర్ల ఆర్‌బీ ఫ్లాస్క్, అంటే గుండ్రటి అడుగున్నది తెచ్చాడు. అడుగున స్టార్ క్రాక్. ఫ్లాస్కు దేనికైనా తగిలితే నక్షత్రంలా సన్నని గీతలు పడతాయి, దాన్ని అలా అంటారు. దాన్ని వాక్యూమ్‌లో పెడితే లోపలికి పేలిపోతుంది కాబట్టి మంటలో ఆ చోటు కరిగించి అతకాలి. "అన్నా, అర్జెంట్, రియాక్షన్ మధ్యలో ఉంది" అన్నాడు. ఫ్లాస్కు తళతళలాడుతోంది, కడిగి తెచ్చాడని తెలుస్తూనే ఉంది. నేనేమీ అడగలేదు. అప్పటికి ఐదేళ్ల అనుభవం, చెయ్యి తిరిగిందన్న ధీమా. ఫ్లాస్కులోకి ఊదే రబ్బరు ట్యూబు ఇంకా నోట్లో పెట్టుకోలేదు, ముందు కాస్త వేడి చేద్దామని మంట దగ్గరికి తెచ్చాను.

ధప్‌మంది. ఫ్లాస్కు మూతిలోంచి మంట నా మొహం మీదికి వచ్చింది. చేతిలోంచి జారి కింద పడి ముక్కలైంది. కనుబొమలు, ముందు జుట్టు కాలాయి. కళ్లద్దాల వల్ల కళ్లు దక్కాయి. ట్యూబు నోట్లో పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గొంతు ఎండిపోతుంది.

ఉస్తాద్ వచ్చేసరికి నేను వరండాలో తడిగుడ్డ మొహం మీద వేసుకుని కూర్చున్నాను. నన్ను తిట్టలేదు. నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసి, బర్నాల్ రాశారు. తర్వాత ఆ కుర్రాడిని పిలిచి అడిగారు, "ఇందులో ఏం పోశావు?" వాడు వణికిపోతూ "బాగా కడిగాను సార్" అన్నాడు. "దేనితో?" "చివర్లో అసిటోన్‌తో. త్వరగా ఆరుతుందని." ఆరినట్టు కనిపించిన ఫ్లాస్కు నిండా అసిటోన్ ఆవిరే. తప్పు వాడిది కాదు. ల్యాబుల్లో అందరూ అలాగే ఆరబెడతారు. మంట దగ్గర కూర్చున్నవాడే అడగాలి. ఆ రోజు నుంచి నేను ఒకటి కాదు, రెండు ప్రశ్నలు అడిగాను. ఇందులో ఏం పోశారు? దేనితో కడిగారు? రిటైరయ్యే రోజు దాకా అడిగాను. డైరెక్టర్ గదినుంచి వచ్చిన ఫ్లాస్కునైనా అడిగాను.

1985లో డాక్టర్ ఎ.వి. రామారావు గారు పుణె రసాయన పరిశోధనశాల ఎన్‌సీఎల్ నుంచి డైరెక్టరుగా వచ్చారు. గుంటూరువారు. ఆయన వచ్చాక మాకు పని రెట్టింపయింది. దానికి కారణం అప్పట్లో నాకు తెలియదు, తర్వాత తెలుసుకున్నాను. మన దేశంలో 1970 నాటి పేటెంట్ చట్టం ప్రకారం మందు మీద పేటెంట్ ఉండేది కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉండేది. వేరే దారిలో అదే మందు చేయగలిగితే చట్టబద్ధంగా చేసుకోవచ్చు. 2005 దాకా అదే నడిచింది. ఆ వేరే దారులు వెతకడమే మా కెమిస్టుల పని. ఎయిడ్స్‌కు మొట్టమొదటి మందుగా 1987లో అమెరికాలో అనుమతి వచ్చిన ఏజెడ్‌టీని ఇక్కడే చవకగా చేసే పద్ధతిని రామారావు గారి బృందం కనిపెట్టి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. ఈ రోజు హైదరాబాద్ చుట్టూ, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు కనిపించే బల్క్ డ్రగ్, అంటే మందుల ముడిసరుకు చేసే కంపెనీల వెనక ఆ కాలపు ల్యాబుల కష్టం ఉంది. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో, ఆర్‌ఆర్‌ఎల్‌లో చెయ్యి తిరిగిన మనుషులు ఉన్నారు. ఇది నేను గర్వంగానే చెబుతాను.

ఆ రోజుల్లోనే ఒక స్కాలర్ వచ్చి గాజు గరిటెలు కావాలన్నాడు. చిన్న స్పూన్లలాంటివి, అరడజను. స్టీలువి ఉన్నాయి కదా అన్నాను. అలవాటుగా అడిగాను, దేనికని. ఎజైడ్ అనే రసాయనానికి అన్నాడు. కొన్ని లోహాలు, రాగి, సీసం లాంటివి ఎజైడ్‌తో కలిస్తే ముట్టుకుంటే పేలే పదార్థం తయారవుతుందట. అందుకే లోహం తగలకూడదు. అది విన్నాక ఆ గరిటెల అంచుల్ని మంటలో ఇంకోసారి కాల్చి గుండ్రంగా చేశాను, ఎక్కడా గీరుకోకుండా. అడగకపోయి ఉంటే మామూలుగా కోసి ఇచ్చేసేవాణ్ని.

నాకు బాగా గుర్తున్న పని ఇంకొకటుంది. 1987 చివర్లో ఒక అమ్మాయి, పీహెచ్‌డీ చేస్తోంది, ఒక డిస్టిలేషన్ సెట్ బొమ్మ తెచ్చింది, ద్రవాన్ని ఆవిరి చేసి మళ్లీ చల్లార్చి శుద్ధి చేసేది. బి-14 జాయింట్లు మూడు, చిన్న కండెన్సర్, పుస్తకంలో ఉన్నట్టే చక్కగా గీసింది. ఉస్తాద్‌కు అప్పటికి చూపు తగ్గింది, నన్నే చూడమన్నారు. నేను కాగితం బోర్లా పెట్టి అడిగాను. ఒక మొక్క నుంచి తీసిన నూనెలాంటి పదార్థం అంది. ఎంత ఉంది? ఆ అమ్మాయి గొంతు చిన్నదైపోయింది. "అరగ్రాము కూడా లేదండీ. మూడు నెలలు పట్టింది."

అరగ్రాము అంటే పది పన్నెండు చుక్కలు. ఆ సెట్‌లో వేస్తే కండెన్సర్ గోడలకే సగం అంటుకుపోతుంది. జాయింట్లకు రాసే గ్రీజు మిగతాదాంట్లో కలుస్తుంది. ఆ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన కుర్చీలోంచి లేవకుండా మూడు వేళ్లు ముడిచి చూపించారు, ఒకదాని పక్కన ఒకటి. నాకర్థమైంది.

ఒకే గొట్టం తీసుకున్నాను. దాని మీద వరుసగా మూడు చిన్న బుడగలు ఊదాను, ఒక్కోటి రేగుపండంత. మధ్యలో జాయింటు లేదు, గ్రీజు లేదు. మొదటి బుడగలో పదార్థం పోసి, రెండో కొసన వాక్యూమ్ పెట్టి, ఆ ఒక్క బుడగనే వేడి చేస్తే, ఆవిరి పక్క బుడగలోకి వెళ్లి అక్కడ ఐసు గుడ్డకు చల్లబడి ఆగుతుంది. మళ్లీ దాన్ని వేడి చేస్తే మూడో దాంట్లోకి. దూరం అంగుళం కూడా లేదు, అంటుకుపోవడానికి గోడే లేదు. మొదటి బుడగ సరిగ్గా వచ్చింది. రెండోది ఊదేటప్పుడు మొదటిది చల్లారకుండా చూసుకోవాలి, మూడోది ఊదేటప్పుడు రెండింటినీ. గది మొత్తంలో బర్నర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊపిరి బిగబట్టలేదు, బాపు నేర్పినట్టు బుగ్గల్లోంచే సన్నగా, సమంగా వదిలాను. ఒకటి పెద్దదై ఒకటి చిన్నదైతే పనికిరాదని కాదు, పనికొస్తుంది. కానీ అలా ఇవ్వబుద్ధి కాలేదు. రెండు సార్లు పడేసి మూడోసారి చేశాను.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. గొట్టం అలాగే చేత్తో పట్టుకుని వచ్చింది. చివరి బుడగలో రంగులేని ద్రవం, ముంజెలో నీళ్లలా మెరుస్తోంది. మొదటి బుడగలో మిగిలిన నల్లటి జిడ్డు కూడా చూపించింది. ఉస్తాద్ దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

1990లో ఆ అమ్మాయి థీసిస్ బైండు కాపీ ఒకటి ఇచ్చి వెళ్లింది. కృతజ్ఞతల పేజీలో గైడ్ గారు, డైరెక్టర్ గారు, అమ్మానాన్నల తర్వాత "గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్" అని ఉంది. మా ఆవిడ దాన్ని పంచాంగం, రేషన్ కార్డు పెట్టే బీరువాలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

పేపర్ల మీద మా పేర్లు ఉండవు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. చాలామంది టెక్నికల్ స్టాఫ్‌కు అది లోలోపల ఉండే బాధే, నాకూ ఉండేది. పరిశోధన అంటే ఆలోచన ఒక్కటే అనుకుంటారు. ఆలోచన వచ్చాక అది ఒక గిన్నెలో జరగాలి. ఆ గిన్నె ఎవరో ఒకరు చేయాలి. గాజు పనే కాదు, ద్రవ నైట్రోజన్ తెచ్చి పోసేవాళ్లు, అణువుల నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ మిషను దగ్గర రాత్రిళ్లు కూర్చుని స్పెక్ట్రాలు తీసేవాళ్లు, స్టోర్స్‌లో ఏ సీసా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. వాళ్లవీ సైన్సు ఉద్యోగాలే. ఇంట్లో పిల్లలకు సైన్సులో ఉద్యోగం అంటే ఇవి కూడా చెప్పాలని నా కోరిక.

ఉద్యోగ మెట్లు మాకూ ఉండేవి. గ్రూప్ వన్ హెల్పర్లు, గ్రూప్ టూ ఐటీఐ వాళ్లం, గ్రూప్ త్రీ డిప్లొమా, బీఎస్సీ వాళ్లు, గ్రూప్ ఫోర్ సైంటిస్టులు. సైంటిస్టుల్లో అప్పట్లో బి, సి తర్వాత డి ఉండేది కాదు, నేరుగా ఇ-వన్, ఇ-టూ, ఆపైన ఎఫ్, జి. ఎందుకో మరి. తర్వాత ప్రమోషన్లకు మనాస్ అనే అసెస్‌మెంట్ స్కీము వచ్చింది. పోస్టు ఖాళీ ఉందా లేదా అని కాకుండా, ఇన్నేళ్లు పనిచేశావు, ఏం చేశావో చెప్పు అని కమిటీ అడుగుతుంది. అది మంచి పద్ధతి. కానీ అసెస్‌మెంట్ నెల వచ్చిందంటే క్యాంటీన్‌లో మాటలు తగ్గిపోయేవి, అందరికీ టెన్షనే. నా వంతు వచ్చినప్పుడు సోడా గాజుకీ బోరోసిలికేట్‌కీ తేడా ఏమిటన్నారు. వ్యాకోచం అంకెలు చెప్పాను. ఆ అంకెలు ఉస్తాద్‌కు తెలియవు. ఆయన గొట్టాన్ని గోటితో కొట్టి, కొసను ఒక్క క్షణం మంటలో చూపించి చెప్పేసేవారు ఏది ఏదో. ఒక్కసారి కూడా తప్పలేదు. సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను.

పక్కనే జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ పెరిగింది. అది మా ల్యాబులోని బయోకెమిస్ట్రీ డివిజన్ నుంచే పుట్టింది, 1977లో, డాక్టర్ పి.ఎం. భార్గవ గారి చేతుల మీదుగా. 1987 నవంబర్ 26న కొత్త భవనాన్ని రాజీవ్ గాంధీ గారు జాతికి అంకితం చేసిన రోజు ఉప్పల్ రోడ్డంతా పోలీసులే, మేం గోడ ఇవతల నిలబడి చూశాం.

ఏటా సెప్టెంబర్ 26న సీఎస్ఐఆర్ పుట్టినరోజు. గేట్లు తెరిచి స్కూలు పిల్లల్ని రానిచ్చేవారు. అన్ని డివిజన్ల కంటే మా గది ముందే పొడవైన లైను. గాజు హంసలు చేసి ఇచ్చేవాళ్లం. మెడ వంపు దగ్గర పిల్లలంతా ఒకేసారి "ఓ" అనేవారు. 25 ఏళ్లు పూర్తయిన ఉద్యోగులకు ఆ రోజు చేతిగడియారం ఇస్తారు. నాది ఇప్పటికీ నడుస్తోంది.

ఉస్తాద్ 1988లో రిటైరయ్యారు, ల్యాబ్ పేరు మారకముందే. ఆఖరి రోజు సాయంత్రం బర్నర్ ఆపి, ఆక్సిజన్ సిలిండర్ మూత తిప్పి, తన బల్ల తనే తుడుచుకున్నారు. కళ్లద్దాలు తీసి పాత చేతిరుమాలులో చుట్టి నా చేతిలో పెట్టారు. మాటలేమీ లేవు. తర్వాత పదేళ్ల దాకా ప్రతి ఈద్‌కి వెళ్లేవాణ్ని, షీర్ ఖుర్మా పెట్టేవారు, సెక్షన్‌లో ఇప్పుడు ఏం నడుస్తోందని అడిగేవారు. ఒక ఏడాది వెళ్లేసరికి ఆయన లేరు.

ఇప్పుడు చాలా సామాను తయారుగా దొరుకుతోంది, కేటలాగులో నంబరు చెబితే వస్తుంది. గాజు పని తెలిసినవాళ్లు దేశంలోనే కాదు, ఎక్కడా తగ్గిపోతున్నారు. యూనివర్సిటీల నుంచి అప్పుడప్పుడూ ఫోన్లు వస్తుంటాయి, ఫలానాది అతకాలి, వస్తారా అని. చెయ్యి కొంచెం వణుకుతోంది, అయినా వెళుతున్నాను. వెళ్లినచోట కుర్రాళ్లు ముందుగా బొమ్మే చూపిస్తారు.

మొన్న ఆదివారం మా ఆవిడ గుడికెళ్లింది. పొయ్యి మీద పప్పుచారు నేను చూస్తానన్నాను. మనవరాలితో మాటల్లో పడి మర్చిపోయాను. పొంగింది. ఉప్పు నీళ్లు మంట మీద పడగానే నీలం మంట ఒక్కసారిగా పసుపురంగుకి మారి భగ్గుమంది. పిల్ల భయపడి నా వెనక్కి వచ్చింది. మంట తగ్గించి, లోపలికెళ్లి చేతిరుమాలు విప్పి అద్దాలు తెచ్చాను. దాని చిన్న ముక్కు మీద అవి నిలబడలేదు, నేనే పట్టుకున్నాను. ఒక చుక్క పప్పుచారు మళ్లీ మంట మీద వేశాను.

"తాతా, పసుపు పోయింది!"

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

కాసేపు చూసి, "గిన్నె అంచు" అంది.